దువ్వెన నుంచి పిడుగు వరకు: మా సాయంత్రపు తరగతిలో ఒక పాఠం

సంఘం వార్షిక సంచికకు ఏటా మా వంతుగా చదువుకు సంబంధించిన వ్యాసం ఒకటి ఇవ్వడం ఆనవాయితీ. చదువు విలువ గురించి, క్రమశిక్షణ గురించి, తల్లిదండ్రుల బాధ్యత గురించి ఇంతకుముందు రాశాం. అవి చదివిన దాతలొకరు పోయిన ఏడాది మమ్మల్ని ఆపి, "సార్, పిల్లలకు బాగా చెబుతున్నామని రాస్తున్నారు, సంతోషం. అసలు ఏం చెబుతారో, ఎట్లా చెబుతారో ఒకసారి రాయకూడదా?" అన్నారు. న్యాయమైన మాట. అందుకే ఈసారి సాయంత్రపు తరగతిలో ఆరు నుంచి ఎనిమిది వరకు చదివే పిల్లలకు మేము చెప్పిన ఒక పాఠాన్నే ఇక్కడ పెడుతున్నాం. పాఠం పేరు స్థిర విద్యుత్తు. ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పిన పనులు చేసి చూస్తూ చదివితే మరీ మంచిది. సామాను కోసం బజారుకు వెళ్లాల్సిన పని దాదాపు లేదు.

ఈ పాఠం పుస్తకంలోంచి మొదలు కాలేదు. ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నతో మొదలైంది. ఏడో తరగతి పిల్ల. అంతకు మూడేళ్ల ముందు వాళ్ల నాయన శనక్కాయ చేలో కూలికి పోయి, వాన వస్తే చింతచెట్టు కింద నిలబడ్డాడు. పిడుగు పడి చనిపోయాడు. కడప జిల్లా పల్లెల్లో ఇట్లాంటి వార్త వినని ఊరు తక్కువ. ఒకరోజు తరగతి అయిపోయి అందరూ సంచులు సర్దుకుంటుంటే ఆ పిల్ల లేచి, "సార్, పిడుగు పాపం చేసినోళ్ల మీదే పడుతుందంట. నిజమేనా?" అంది.

ఎవరో ఆ మాట వాళ్లింటి ముందు అని ఉంటారు. పిల్ల మూడేళ్లుగా మోస్తోంది. "కాదమ్మా" అని ఒక్క ముక్కలో చెప్పి పంపించవచ్చు. కానీ పెద్దవాళ్లు అవునన్న దాన్ని మాస్టర్లు కాదన్నంత మాత్రాన పిల్లల మనసులో అది చెరిగిపోదు. "దీనికి జవాబు నువ్వే కనుక్కుంటావు. నాలుగు వారాలు పడుతుంది, ఆగగలవా?" అన్నాం. తల ఊపింది.

మొదటి రోజు పాఠం ఘోరంగా పోయింది, అది కూడా చెప్పాలి. ప్లాస్టిక్ దువ్వెనతో తల దువ్వుకుని కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అతుక్కుంటాయని పుస్తకంలో ఉంది. మా పిల్లలు తలకు కొబ్బరినూనె దట్టంగా పట్టించుకుని వస్తారు. పైగా అది అక్టోబరు నెల, తుపాను ముసురు. ముప్పై మంది పిల్లలు దువ్వి దువ్వి అలసిపోయారు గాని ఒక్క ముక్కా కదలలేదు. వెనక బెంచీలో నవ్వులు. మేమూ నవ్వాం, ఏం చేస్తాం. గాలిలో తేమ ఎక్కువ ఉన్నప్పుడు వస్తువుల మీద కంటికి కనిపించని నీటి పొర ఏర్పడుతుంది, చేరిన ఆవేశం ఆ పొర మీదుగా ఎప్పటికప్పుడు జారిపోతుంది. జిడ్డు ఉన్నా ఇదే గతి. కాబట్టి ఈ ప్రయోగాలకు డిసెంబరు, జనవరి మధ్యాహ్నాలు మంచివి. జుట్టుకు బదులు ఉన్ని మఫ్లరు వాడండి. స్కేలును సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టి మరీ వాడండి. ఇవి పుస్తకాల్లో ఉండవు, చేతులు కాలాక తెలుస్తాయి.

వారం తర్వాత ఎండ కాసింది. ఆరిన ప్లాస్టిక్ స్కేలును మఫ్లరుతో పది పదిహేనుసార్లు గట్టిగా రుద్ది, చిన్న చిన్న కాగితం ముక్కల మీద వేలెడు ఎత్తులో పట్టాం. ముక్కలు లేచి స్కేలుకు అంటుకున్నాయి. "సార్, స్కేలులో కరెంటు పుట్టింది!" అని ఒకడు అరిచాడు. ఆ "పుట్టింది" అన్న మాట దగ్గరే మేము ఆగాం. పాఠం మొత్తానికి కీలకం ఆ మాటే. పుట్టలేదు.

లోకంలో ఏ వస్తువైనా పరమాణువులతో తయారైందే. పరమాణువు నడుమ కేంద్రకం, అందులో ధనావేశం ఉన్న ప్రోటాన్లు. చుట్టూ ఋణావేశం ఉన్న ఎలక్ట్రాన్లు. మామూలుగా రెండింటి లెక్క సరిసమానం, అందుకే కుర్చీ, బల్ల, పుస్తకం దేన్ని ముట్టుకున్నా మనకేమీ తెలియదు. రెండు వేరువేరు రకాల పదార్థాలు ఒకదాన్నొకటి తాకి విడిపోయేటప్పుడు, ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకోలేని పదార్థం నుంచి కొన్ని రెండోదాని మీదికి చేరతాయి. రుద్దడం అంటే ఎక్కువ చోట్ల, ఎక్కువసార్లు తాకించి విడదీయడమే. మఫ్లరు కోల్పోయిన ఎలక్ట్రాన్లు స్కేలుకు వచ్చాయి. స్కేలుకు ఋణావేశం, మఫ్లరుకు అంతే ధనావేశం. సంఘం లెక్కల పుస్తకం చూసేవారికి ఇది కొత్త సంగతి కాదు. ఒక ఖాతాలో తగ్గిన పైకం ఇంకో ఖాతాలో కనిపించి తీరాలి, మొత్తం మారకూడదు. ప్రకృతి ఈ లెక్కలో ఒక్క ఎలక్ట్రాను కూడా తేడా రానివ్వదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. రుద్దితే తేలికైన వస్తువుల్ని లాగే గుణాన్ని మనుషులు మొట్టమొదట గమనించింది ప్లాస్టిక్‌లో కాదు, కోట్ల ఏళ్ల కిందటి చెట్ల జిగురు భూమిలో గట్టిపడి రాయిలా మారిన పసుపుపచ్చని పదార్థంలో. గ్రీకులు దాన్ని ఎలక్ట్రాన్ అన్నారు, ఇంగ్లిషు ఎలక్ట్రిసిటీ అక్కడి నుంచే వచ్చింది. పారశీకులు దాన్నే కహ్రుబా అన్నారు. కాహ్ అంటే గడ్డిపోచ, రుబా అంటే దోచుకునేది. దిల్‌రుబా మనసు దోస్తే కహ్రుబా గడ్డి దోస్తుందన్నమాట! ఉర్దూ తెలిసిన పిల్లలు దీన్ని విని పడీపడీ నవ్వారు. ఆ మాటే అరబ్బీలోకి వెళ్లి కహ్రబా అయి, ఇవాళ అక్కడ కరెంటుకు అదే పేరు. మన జిల్లా నుంచి కువైట్ వెళ్లి పనిచేసేవారు నెలనెలా వినే కహ్రబా ఇదే. ఖతర్‌లో కరెంటు, నీళ్లు సరఫరా చేసే సంస్థ పేరు కహ్రమా, అంటే కహ్రబాకు మా, అనగా నీరు, కలిపిన మాట. ఆ దేశాల నుంచి వచ్చేవారు కహ్రుబా తస్బీహులు తెస్తుంటారు. పూసను రుద్దితే కాగితం అంటుకుంది కాబట్టి అసలుదేనని అమ్మేవాళ్లు చూపిస్తారు. పిల్లలు ఆ పరీక్ష మీద నమ్మకం పెట్టుకోలేదు. ప్లాస్టిక్ స్కేలు కూడా కాగితాన్ని లాగిందిగా!

అయితే కాగితం ముక్కను మనం రుద్దలేదు. దానికి ఆవేశం లేదు. మరి స్కేలు దాన్ని ఎందుకు లాగింది? పెద్దవాళ్లు కూడా తరచు తడబడే చోటు ఇది. స్కేలు మీది ఋణావేశం దగ్గరికి రాగానే కాగితంలోని ఎలక్ట్రాన్లు తమ చోటు నుంచి రవంత అవతలికి జరుగుతాయి. దాంతో కాగితం ఇవతలి అంచు కాస్త ధనంగా, అవతలి అంచు కాస్త ఋణంగా మారుతుంది. దగ్గరున్న ధనపు అంచు మీద లాగుడు ఎక్కువ, దూరంగా ఉన్న ఋణపు అంచు మీద నెట్టుడు తక్కువ. ఆ తేడాతోనే ముక్క పైకి లేస్తుంది. కొన్ని ముక్కలు అంటుకున్న కాసేపటికి టప్పున ఎగిరి దూరంగా పడతాయి, చూశారా? స్కేలును తాకి దాని ఆవేశంలో కొంత తామూ తీసుకున్నాయి. ఇప్పుడు రెండూ ఒకే జాతి. ఒకే జాతి ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి.

దీన్ని పిల్లలు బెలూన్లతో చూశారు. రెండు బెలూన్లు ఊది, ఒకే దారానికి రెండు కొసల్లో కట్టి, దారాన్ని మధ్యలో మేకుకు వేలాడదీశారు. రెండింటినీ అదే మఫ్లరుతో రుద్ది వదిలితే, అలిగిన అన్నదమ్ముల్లా చెరోవైపు జరిగి నిలబడ్డాయి. ఎంత దగ్గరికి నెట్టినా మళ్లీ విడిపోవడమే. తర్వాత మఫ్లరును ఒక బెలూన్ దగ్గరికి తెస్తే అది మఫ్లరు వైపు వంగింది. "చూశారా, మఫ్లరుకు వ్యతిరేక ఆవేశం ఉంది" అన్నాం మేము. అప్పుడు ఆ అమ్మాయే లేచి, "గోడకు కూడా అతుక్కుంటుంది కదా సార్, గోడను ఎవరు రుద్దారు?" అంది.

నిజంగానే మా మాటలో లోపం ఉంది. ఆవేశం ఉన్న వస్తువు ఆవేశం లేనిదాన్ని కూడా లాగుతుంది, కాగితం ముక్క సంగతి ఇప్పుడే చెప్పుకున్నాం. కాబట్టి లాగడం చూసి ఆవేశం ఉందని తీర్పు చెప్పడానికి లేదు. నెట్టుకుంటే మాత్రమే రెండింటికీ ఆవేశం ఉందని, అదీ ఒకే రకమని ఖాయంగా చెప్పవచ్చు. ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్న మేము తొందరలో దాటేసిన మెట్టు ఇది. ఆ పిల్ల పట్టుకుంది.

అందుకోసం విద్యుద్దర్శిని తయారుచేయాల్సి వచ్చింది. ఖాళీ గాజు సీసా, దానికి ప్లాస్టిక్ మూత. మూతకు చిల్లు పెట్టి, ఉక్కు పేపరు క్లిప్పును సాగదీసి దూర్చాం. లోపలి కొక్కేనికి పలుచటి అల్యూమినియం రేకు చీలికలు రెండు పక్కపక్కన వేలాడదీశాం. అంతే. రుద్దిన స్కేలును క్లిప్పు పై కొస దగ్గర పెడితే లోపల రేకులు విప్పారతాయి, తీసేస్తే ముడుచుకుంటాయి. స్కేలు తాకనే లేదు! స్కేలు మీది ఋణావేశం క్లిప్పులోని ఎలక్ట్రాన్లను కిందికి, రేకుల్లోకి నెట్టింది. రెండు రేకుల్లోనూ ఒకే ఆవేశం, కాబట్టి విడిపోయాయి. దీన్నే ప్రేరణ అంటారు.

ఇప్పుడు అసలు కిటుకు. స్కేలు అట్లా దగ్గర ఉండగానే క్లిప్పును వేలితో ఒకసారి తాకండి. నెట్టబడ్డ ఎలక్ట్రాన్లు మీ వేలి మీదుగా, ఒంటి మీదుగా నేలలోకి తప్పించుకుంటాయి. ముందు వేలు తీయండి, తర్వాత స్కేలు తీయండి. ఈ వరుస తప్పకూడదు. ఎలక్ట్రాన్లు పోయాయి కనుక రేకులకు ఇక ధనావేశం మిగులుతుంది, విప్పారే ఉంటాయి. ఇట్లా ధనావేశం ఇచ్చిన విద్యుద్దర్శిని దగ్గరికి, అప్పుడే బెలూన్‌ను రుద్దిన మఫ్లరు కొసను తెచ్చాం. రేకులు ఇంకా ఎడంగా జరిగాయి. మామూలు గుడ్డ తెస్తే అట్లా జరగదు. మఫ్లరుకు ధనావేశం ఉందని అప్పుడు రుజువైంది. ఆ అమ్మాయి మొహంలో నవ్వు ఆ రోజే చూశాం.

క్లిప్పులో ఎలక్ట్రాన్లు పారాయి, స్కేలులో మాత్రం రుద్దిన చోటనే నిలిచాయి. రాగి, ఇనుము, అల్యూమినియం, మన ఒళ్లు, తడి నేల ఇవన్నీ దారి ఇచ్చేవి, వాహకాలు. ప్లాస్టిక్, రబ్బరు, గాజు, పొడి గాలి దారి ఇవ్వనివి. చెరువులో నిలిచిన నీటికీ కాలువలో పారే నీటికీ ఉన్న తేడాయే స్థిర విద్యుత్తుకూ మన ఇంటి కరెంటుకూ ఉన్నది. నీరు ఒకటే. చలికాలం ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గడియ తాకితే చురుక్కుమంటుంది. ఒక మిల్లీమీటరు గాలిని చీల్చుకుని నిప్పురవ్వ దూకాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. అంటే ఆ చురుకు వెనక ఇంటి కరెంటు 230 వోల్టుల కంటే పది రెట్లకు పైగా ఉంది! అయినా మనకేం కాదు, ఎందుకంటే అక్కడున్న ఆవేశం చిటికెడు, రెప్పపాటులో అయిపోతుంది. ఇంటి తీగ వెనక కేంద్రం ఉంది, అది ఆగకుండా పారుతూనే ఉంటుంది. చంపేది ఆ ఆగని పారుదల. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోవద్దని పిల్లల్ని అరిచే తల్లులు ఈ మాట కూడా చెబితే పిల్లలు ఇంకా బాగా వింటారు.

స్థిర విద్యుత్తు వల్ల పనులూ ఉన్నాయి. జెరాక్సు యంత్రం డ్రమ్ము మీద నల్లపొడి అక్షరాల ఆకారంలో నిలిచేది ఆవేశం వల్లనే, 1938లో చెస్టర్ కార్ల్‌సన్ అనే అమెరికా ఆయన కనిపెట్టిన పద్ధతి అది. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం లాంటి చోట్ల పొగగొట్టానికి పోయే బూడిదకు ఆవేశం ఎక్కించి, రేకులకు అంటుకునేలా చేసి పట్టేస్తారు. పెట్రోలు బంకుకు ట్యాంకరు వచ్చినప్పుడు, పైపు తగిలించే ముందు దానికి ఎర్తు తీగ బిగించడం చూసి ఉంటారు. దారిలో, పారే పెట్రోలులో చేరిన ఆవేశం నిప్పురవ్వగా దూకకుండా అది.

మూడో వారం నిప్పురవ్వ చూపించాం. ప్లాస్టిక్ ట్రే ఒకటి తీసుకుని మఫ్లరుతో బాగా రుద్దాం. స్టీలు పళ్లెం మధ్యలో ప్లాస్టిక్ గ్లాసు అతికించి పిడిగా చేసి, ట్రే మీద పెట్టి, పళ్లేన్ని వేలితో ఒకసారి తాకి, గ్లాసు పట్టుకుని పైకెత్తాం. కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశాం. పళ్లెం అంచు దగ్గరికి వేలు తెస్తే టిక్ మని సన్నటి నీలపు రవ్వ. విద్యుద్దర్శిని దగ్గర చేసిందే ఇక్కడా జరిగింది: దగ్గర ఆవేశం, తాకిన వేలు, మిగిలిన వ్యతిరేక ఆవేశం. మళ్లీ రుద్దకుండానే ఇరవై సార్లు రవ్వ వచ్చింది. అందరూ వరుసలో నిలబడి వేలు పెట్టారు. ఆ అమ్మాయి మాత్రం చివరిదాకా రాలేదు. అందరూ అయ్యాక వచ్చి వేలు పెట్టి, "ఇదే పెద్దదైతే పిడుగా సార్?" అంది.

ఇదే పెద్దదైతే పిడుగు. 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాలిపటం ప్రయోగంతో చూపించాలనుకున్నది కూడా అదే, మేఘంలోని మెరుపూ రుద్దిన గాజులోని రవ్వా ఒకటేనని. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు రెండో కథ తప్పక చెప్పాలి. మరుసటి ఏడాది రష్యాలో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త ఉరుముల వేళ ఇంట్లో కడ్డీ అమర్చి కొలవబోయి పిడుగుకు అక్కడికక్కడే చనిపోయాడు. మొదటి కథ ఒక్కటే వింటే పిల్లలు గాలిపటం తీసుకుని మిద్దె ఎక్కుతారు.

ఉరుముల మేఘం లోపల ఎత్తున నీరు గడ్డకట్టి ఉంటుంది. తేలికైన మంచు పలుకులు, బరువైన మెత్తటి వడగండ్లు పైకీ కిందికీ పోయే గాలుల్లో ఒకదానికొకటి తగిలి విడిపోతుంటాయి. మన స్కేలూ మఫ్లరే! తేలికవి ధనావేశంతో పైకి పోతే, బరువైనవి ఋణావేశంతో మేఘం కింది భాగంలో చేరతాయి. ఆ ఋణావేశం కింద ఉన్న నేలలో ఎలక్ట్రాన్లను దూరంగా నెడుతుంది. నేల పైభాగం, దాని మీద నిలిచిన చెట్లు, గుళ్లు, మినార్లు, మనుషులు అన్నీ ధనంగా మారతాయి. ఇది విద్యుద్దర్శిని. గాలి తట్టుకోగలిగినంత తట్టుకుని, ఇక చీలిపోతుంది. సుమారు 30,000 ఆంపియర్ల ప్రవాహం, అది పారిన దారిలో సూర్యుడి ఉపరితలం కంటే అయిదు రెట్ల వేడి. ఆ వేడికి గాలి ఒక్కసారిగా ఉబ్బి చేసే చప్పుడే ఉరుము.

2018 ఏప్రిల్ 24న మన ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఈ అంకె బోర్డు మీద రాసి, ఇవి ఎక్కడెక్కడ పడి ఉంటాయని అడిగాం. చెట్ల మీద, కొండల మీద, కరెంటు స్తంభాల మీద, బీళ్ల మీద అని చెబుతూ పోయారు. వెనక నుంచి ఒకడు, "కొండలేం పాపం చేశాయి సార్?" అన్నాడు. తరగతి ఘొల్లుమంది. ఆ అమ్మాయి నవ్వలేదు, కానీ తల ఎత్తి వాడివైపు చూసింది.

ఆమెను బోర్డు దగ్గరికి పిలిచి బొమ్మ వేయమన్నాం. మేఘం గీసి అడుగున ఋణ గుర్తులు పెట్టింది. కింద చేను, చేలో ఒంటరి చెట్టు. చెట్టు కొసన ధన గుర్తులు గుంపుగా పెట్టింది. అక్కడే ఎందుకని అడిగితే, "చేలో అదే ఎత్తు కాబట్టి మేఘానికి అదే దగ్గర" అంది. చెట్టు కింద చిన్న మనిషిని గీసి ఆగిపోయింది. అక్కడి నుంచి మేము చెప్పాం. పిడుగు చెట్టు మీద పడింది, మనిషిని వెతుక్కుంటూ రాలేదు. చెట్టు మాను కంటే ఉప్పునీటితో నిండిన మనిషి ఒళ్లు విద్యుత్తుకు తేలిక దారి. అందుకే మానులోంచి దిగుతున్న ప్రవాహం పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. నేలలోకి దిగినది కూడా వేళ్ల చుట్టూ పరుచుకుని కాళ్ల మీదుగా ఎక్కుతుంది. చాలాసేపు బొమ్మనే చూసి, "నాయన తడవకూడదని నిలబడ్డాడు, అంతే" అంది. అవునమ్మా, అంతే.

ఇక జాగ్రత్తలు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం మన దేశంలో 2022లో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. వారిలో చాలామంది పొలాల్లో పనిచేసేవారు, పశువులు కాసేవారు. అందుకే ఈ భాగం మీ ఇంట్లో పిల్లలకే కాక, మీ పొలంలో పనికి వచ్చేవారికి కూడా చదివి వినిపించమని కోరుతున్నాం.

మెరుపు కనిపించగానే అంకెలు లెక్కపెట్టాలి, ఉరుము వినబడేదాకా. వచ్చిన సెకన్లను మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. ముప్పై లోపు ఉరుము వినిపిస్తే పని ఆపి పక్కా ఇంట్లోకి వెళ్లాలి, చివరి ఉరుము తర్వాత అరగంట బయటికి రాకూడదు. ఇల్లు దగ్గర లేకపోతే అద్దాలు మూసిన కారో బస్సో మంచిది. దాని రబ్బరు టైర్లు కాపాడతాయని చాలామంది అనుకుంటారు, అది తప్పు. మేఘం నుంచి కిలోమీటర్ల గాలిని చీల్చుకుని వచ్చినదానికి జానెడు రబ్బరు ఒక లెక్కా? కాపాడేది చుట్టూ ఉన్న లోహపు తొడుగు, ప్రవాహం దాని బయటి నుంచే నేలకు దిగిపోతుంది. అందుకే మోటారు సైకిలు, ఆటో, పైకప్పు లేని ట్రాక్టరు పనికిరావు. సెల్‌ఫోను జేబులో ఉంటే పిడుగు వస్తుందన్నది కూడా నిజం కాదు. దామిని అనే యాప్ పుణె వాతావరణ శాస్త్రవేత్తలు తయారుచేసింది, చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. అది ఉన్న ఫోను దగ్గర ఉండటమే మేలు. చార్జింగ్ తీగ మాత్రం తీసేయండి.

బయలు చేలో చిక్కుకుని ఏ దిక్కూ లేకపోతే చెట్టుకు, బావి మోటారుకు, ముళ్లకంచెకు, నీళ్లకు దూరం జరిగి, రెండు పాదాలూ దగ్గరకు చేర్చి గొంతుక్కూర్చోవాలి. పడుకోకూడదు. నేలలో పారే ప్రవాహానికి ఒంట్లో రెండు చోట్ల మధ్య ఎంత ఎడం ఉంటే అంత దెబ్బ. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ ఎడం ఎక్కువ కాబట్టే ఆవులు, ఎనుములు ఎక్కువగా చస్తాయి. గుంపుగా ఉన్నవారు విడివిడిగా జరగాలి. ఉరుముల వేళ పెద్దలు నేర్పిన దుఆ చదువుకోండి, చెట్టు కింద నుంచి బయటికి వచ్చి చదువుకోండి.

పిడుగు దెబ్బ తిన్నవారిని ముట్టుకుంటే మనకూ షాకు కొడుతుందన్న భయం పల్లెల్లో ఉంది. ఆ భయంతో చూస్తూ నిలబడి ప్రాణాలు పోగొట్టినవారున్నారు. ఒంట్లో ఏ ఆవేశమూ మిగలదు, వెంటనే ముట్టుకోవచ్చు. చాలాసార్లు ఆగేది గుండె, ఊపిరి. శ్వాస లేకపోతే ఛాతీ నడుమ రెండు అరచేతులతో నిమిషానికి నూరు, నూటఇరవై సార్లు గట్టిగా నొక్కుతూ, ఇంకొకరి చేత 108కు ఫోను చేయించాలి.

భవనాలు కట్టించే దాతలకు ఒక మాట. ఎత్తయిన మినారుకో, బడి మిద్దెకో రాగి కడ్డీ పెట్టించగానే పని అయిపోదు. కడ్డీ నుంచి దిగే పట్టీ ఎక్కడా తెగకుండా నేల లోపలి ఎర్తు పలక దాకా చేరాలి. గోడకు సున్నం వేసేటప్పుడు, పైపులు బిగించేటప్పుడు ఆ పట్టీని కోసి పక్కన పడేయడం మేము మా కళ్లతో చూశాం. అట్లాంటి కడ్డీ కంటే కడ్డీ లేకపోవడమే నయం, పిలిచి దారి చూపకుండా వదిలేసినట్టు. ఎర్తును ఏడాదికోసారి, వానలకు ముందు ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి.

పాఠం ముగిసిన కొన్ని నెలలకు, ఏప్రిల్ చివరలో ఒక సాయంత్రం తరగతి జరుగుతుండగా ఆకాశం మూసుకొచ్చింది. కరెంటు పోయింది. కిటికీలో మెరుపు మెరవగానే పిల్లలంతా ఒక్క గొంతుతో లెక్క మొదలుపెట్టారు. తొమ్మిది దగ్గర ఉరిమింది. "మూడు కిలోమీటర్లు" అంది ఆ అమ్మాయి, లేచి వెళ్లి కిటికీ రెక్క వేసింది. బయట మైదానంలో చెట్టు కింద తలదాచుకున్న బఠాణీల బండి ఆయన్ని ఇద్దరు మగపిల్లలు గుమ్మంలోంచే కేకవేసి లోపలికి పిలిచారు. ఆయన బండి వదిలి రానన్నాడు. ఈలోగా రెండో మెరుపు, ఈసారి లెక్క ఆరు దగ్గర ఆగింది. ఆ పిల్ల తలుపు తీసి, "మామూ, బండి ఎక్కడికీ పోదు, నువ్వు రా!" అని గట్టిగా అరిచింది. ఆయన వచ్చాడు. అరగంట పైగా అందరం లోపలే కూర్చున్నాం. ఆయన తెచ్చిన బఠాణీలు తింటూ, స్కేలు కథ మొదటి నుంచి ఆయనకు పిల్లలే చెప్పారు.